కొలరాడోలో ఎల్క్ చూడ్డానికీ, ఇంటి దగ్గర ఎలుగుని కనిపెట్టడానికీ ఒకే బైనాక్యులర్ సరిపోతుందా?

ఉద్దానం_గుంటడు (మందస)

అందరికీ నమస్తే. బైనాక్యులర్ కొనాలి, చదివేకొద్దీ బుర్ర తిరిగిపోతంది, కాస్త ఎవరైనా చెప్పండి. విషయం ఏటంటే మా అక్కా బావా డెన్వర్‌లో ఉంటారు, అక్టోబర్‌లో నేను అక్కడికి వెళ్తన్నాను. బావకి గ్రీన్ కార్డు వచ్చాక అక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి లైసెన్సు తీసుకున్నాడు, ఆఫీసు వాళ్ళతో కలిసి ఎల్క్ (అక్కడి పెద్ద జింక) వేటకి వెళ్తాడంట, నన్నూ క్యాంపుకి రమ్మన్నాడు. నేను తుపాకీ ముట్టుకోను, ఆ సరదా కూడా లేదు, కానీ అంతలేసి కొమ్ములున్న జంతువుని కొండ మీద కళ్ళారా చూడాలని ఉంది. వేటంటే పరిగెత్తడం కాదురా, పొద్దంతా కూర్చుని బైనాక్యులర్‌లో వెతకడమే అంటాడు మా బావ.

రెండోది ఇంటి సంగతి. మాకు కొండవార జీడితోట ఉంది, ఎలుగులు వస్తాయి. పొద్దున్నే తోటలోకి దిగేముందు మేడ మీంచి ఒకసారి చూసుకోవాలని నా ఆలోచన. ఇప్పటిదాకా నాన్న చేతిలో టార్చిలైటూ, కొట్టడానికి ఒక రేకుడబ్బా తప్ప ఏటీ లేదు.

బడ్జెట్ పాతిక వేల లోపు. షాపులో 8×42, 10×42, 12×50 అంటన్నారు. మా ఫ్రెండు మాత్రం 20×50 తీస్కో, పెద్దగా కనపడతాది అంటన్నాడు. ఏది కొనమంటారు?


విజయనగరం_మాస్టారు

బాబూ, ముందు మీ ఫ్రెండు మాట పక్కన పెట్టు. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెప్తుంది, రెండోది ముందు లెన్సు వెడల్పు మిల్లీమీటర్లలో. రెండో దాన్ని మొదటి దానితో భాగించు. 42ని 8తో భాగిస్తే 5.25, 10తో అయితే 4.2, 50ని 20తో అయితే 2.5. ఆ వచ్చేది కంటి వైపు నుంచి బయటికొచ్చే వెలుగు గుండ్రం సైజు. బైనాక్యులర్‌ని చేతులు చాచి దూరంగా పట్టుకుని వెలుతురు వైపు చూస్తే కంటిలెన్సు మధ్యలో చిన్న తెల్లటి బిళ్ళ కనపడుతుంది, అదే ఇది.

పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి ఏదైనా ఒకటే. కానీ తెల్లవారుజామునా మునిమాపు వేళా కంటిపాప ఐదు ఆరు దాకా పెద్దదవుతుంది. అప్పుడు 20×50లో చూస్తే బొమ్మ పెద్దదే, కానీ మసక. జంతువులు తిరిగేది సరిగ్గా ఆ వేళల్లోనే. పైగా 20 రెట్లు చేత్తో పట్టుకుంటే నీ గుండె కొట్టుకోవడం కూడా బొమ్మలో కనపడుతుంది.

చూపు వెడల్పు కూడా చూడాలి. కిలోమీటరు దూరంలో 8×42 సుమారు 130 మీటర్ల మేర చూపిస్తుంది, 10×42 అయితే 110 దగ్గర్లో. మోడల్ని బట్టి అటూ ఇటూ. ఏదో ఒకటే కొంటానంటే నా ఓటు 8×42కి.


తూరుపు_కనుమ (శ్రీకాకుళం టౌన్)

క్షమించాలి, మన గ్రూపులో వేట గురించి చర్చ ఏంటండీ? పక్షులు చూసేవాళ్ళం, ఫొటోలు తీసేవాళ్ళం ఉన్నాం ఇక్కడ. ఈ దేశంలో 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉంది. ఎలుగు మొదటి షెడ్యూల్‌లో ఉంది, దాని జోలికెళ్తే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. ఇది చదివి ఎవడో కుర్రాడు ఉచ్చులు పట్టుకుని బయల్దేరితే?


మోడరేటర్

మన దేశంలో వేట గురించి మాట ఎత్తితే పోస్టు తీసేస్తాం, అందులో రెండో మాట లేదు. ఇతను అడిగింది అమెరికాలో లైసెన్సుతో జరిగే దాని గురించి, అదీ చూడ్డం గురించి. ఇంటి దగ్గరిది ప్రాణం కాపాడుకునే సంగతి. కాబట్టి థ్రెడ్ ఉంటుంది. వేట మంచిదా చెడ్డదా అనే తగువు మాత్రం ఇక్కడ వద్దు.


రాజాం_నుంచి_రాకీస్ (కొలరాడో)

తమ్ముడూ, మాది రాజాం, ఇక్కడికొచ్చి చాలా ఏళ్ళయింది, నేనూ ఎల్క్‌కి వెళ్తాను. మీ బావ చెప్పింది నిజమే. కానీ అందరూ ఏ బైనాక్యులర్ అని మొదలెడతారు, ఎక్కడ కూర్చోవాలి అని ఎవడూ అడగడు. చెత్త చోట కూర్చుంటే రెండు వేల డాలర్ల స్వరోవ్‌స్కీ కంపెనీ బైనాక్యులర్ పట్టుకున్నా కనపడేది చెట్లే. మంచి చోట కూర్చుంటే మామూలు గ్లాసుతో కూడా పని జరుగుతుంది. నీ అదృష్టం, అమెరికాలో ఎల్క్ ఎక్కువున్న రాష్ట్రానికే వస్తున్నావ్.

ఇక్కడ కొండల లెక్క ఇది. ఉత్తరానికి తిరిగి ఉన్న వాలు మీద ఎండ తక్కువ, తేమ ఎక్కువ, అందుకని ఫర్, స్ప్రూస్ చెట్లు చిక్కగా చీకటిగా ఉంటాయి. దక్షిణం వైపు వాలు ఎండిపోయి గడ్డీ పొదలూ. ఎల్క్ రాత్రంతా గడ్డి మీద మేస్తుంది, ఎండెక్కేసరికి చిక్కటి అడవిలోకి పోయి పడుకుంటుంది. అంటే నీకు దొరికేది ఆ రెండింటి మధ్య అంచు, అదీ పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట. మిగతా పగలంతా నీడల్లో పడుకున్న వాటిని వెతకాలి. మంచు బాగా పడిందంటే లెక్క తిరగబడుతుంది, మంచు ముందు కరిగే దక్షిణపు వాలు మీదకి వస్తాయి.

కూర్చునేది శిఖరం మీద కాదు. ఆకాశం వెనకాల పెట్టుకుని నిలబడితే కిలోమీటరు అవతల నుంచి కూడా నిన్ను చూసేస్తాయి. శిఖరానికి కాస్త కిందగా, వెనకాల బండో చెట్టో ఉండేలా, నీడలో కూర్చో. సూర్యుడు నీ వీపు వైపు ఉండాలి. పొద్దున అయితే తూర్పు వైపు కూర్చుని పడమటి కొండ చూడు, వెలుగు ఎదటి వాలు మీద పడుతుంది, వాటి ఒంటి రంగు మెరుస్తుంది. సాయంత్రం తిరగేసుకో. ఎండకి ఎదురుగా కూర్చుంటే లెన్సులోకి వెలుగు కొట్టి అంతా పాలిపోతుంది, ఎంత ఖరీదైన గ్లాసైనా అంతే.

గాలి సంగతి. తెల్లవారుజామున చల్లగాలి కొండ మీంచి లోయలోకి దిగుతుంది, ఎండ తగిలాక పైకి ఎక్కుతుంది, పొద్దుగూకితే మళ్ళీ కిందకి. దీన్నే వీళ్ళు థర్మల్స్ అంటారు. నీ వాసన కూడా దాంతోపాటే పోతుంది. ఎల్క్‌కి కన్నుని మోసం చెయ్యొచ్చు, ముక్కుని చెయ్యలేవు.

వెతకడం ఎలాగంటే, ముందు ఉత్త కళ్ళతో దగ్గరంతా చూసెయ్. చాలామంది కూర్చోగానే మూడు కిలోమీటర్ల అవతల చూడ్డం మొదలెడతారు, జంతువు రెండొందల గజాల్లో ఉంటుంది, లేచి పోతుంది. తర్వాత బైనాక్యులర్‌ని ఒకచోట ఆపు, ఆ గుండ్రంలో ఉన్నదంతా చూడు, అప్పుడు కొంచెం పక్కకి జరుపు. పొలం దున్నినట్టు చాలు చాలుగా వెళ్ళాలి. జరుపుతూ చూస్తే కదలిక కంటికి ఆనదు. మొత్తం జంతువు కోసం వెతక్కు. చెట్లన్నీ నిలువు గీతలు కదా, వాటి మధ్య అడ్డగీత ఏదైనా ఉంటే అది వీపు. ఎల్క్ మెడ ముదురు గోధుమ, ఒళ్ళు లేతగా, వెనక భాగం దాదాపు మీగడ రంగు. చీకటి అడవిలో ముందు దొరికేది ఆ వెనక భాగమే. లేదంటే చెవి ఆడించడం, కొమ్ము కొస మీద ఎండ పడి తళుక్కుమనడం.

ఇదంతా చెయ్యాలంటే గ్లాసు కదలకూడదు. కాబట్టి ఇక్కడ 10×42 ట్రైపాడ్ మీద పెట్టి చూస్తాం. చేత్తో పట్టుకున్న 10 కంటే ట్రైపాడ్ మీద 8 మంచిదని నేను ఎవరితోనైనా పందెం కాస్తా.


పైడితల్లి_వీధి (విజయనగరం)

అన్నా, చిన్న డౌటు, థ్రెడ్‌కి సంబంధం లేదేమో. హెచ్1 మీద ఉన్నవాళ్ళు అక్కడ తుపాకీ పట్టుకోవచ్చా? మా తమ్ముడు ఉబలాటపడుతున్నాడు.


రాజాం_నుంచి_రాకీస్

తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకి అందులో మినహాయింపు ఉంది. కానీ వీసాతో ఆటలొద్దు, మీ తమ్ముణ్ణి ముందు ఇక్కడి లాయర్‌ని కలవమను. మన గుంటడు ముట్టుకోనన్నాడు, అది ఇంకా మంచిది.

ఇంకోటి మర్చిపోకముందే చెప్తాను. ఎవరైనా బైనాక్యులర్ లేక తుపాకీ మీది స్కోప్‌లోంచి కొండలు వెతుకుతుంటే ఆ క్యాంపులోంచి వచ్చెయ్. స్కోప్ ఎటు తిరిగితే గొట్టం అటే తిరుగుతుంది, అవతల ఉన్నది మనిషైతే? ఇక్కడ రైఫిల్ సీజన్‌లో వేటగాళ్ళు నారింజ రంగో గులాబీ రంగో మెరిసే బట్ట 500 చదరపు అంగుళాలు ఒంటి మీద వేసుకోవాలి, టోపీ కూడా అదే రంగు. నువ్వు వేటాడకపోయినా వేసుకో. డ్రోన్ పట్టుకెళ్దామనే ఆలోచన ఉంటే ఇంట్లోనే వొగ్గెయ్, వేట కోసం డ్రోన్‌తో జంతువుల్ని వెతకడం కొలరాడోలో నేరం.


కొండగాలి (సాలూరు)

మాస్టారి లెక్క కాగితం మీద బాగుంది గానీ నేను ఒప్పుకోను. పాచిపెంట, సాలూరు కొండల్లో నేను తిరుగుతాను, నా దగ్గర 10×42 ఉంది, చేతులు వణకవు, మోచేతులు మోకాళ్ళ మీద ఆన్చుకుంటే సరి. 8లో దూరంగా ఉన్నది మేకో అడవిపందో తేల్చుకోలేక చచ్చాను. 5.25కీ 4.2కీ తేడా అంటారు, మంచి గ్లాసు, మంచి కోటింగు ఉంటే ఆ తేడా మింగేస్తుంది. 8 కొంటే ఆర్నెల్లలో 10 కొంటాడు, రాసిపెట్టుకోండి.


విజయనగరం_మాస్టారు

కోటింగు సంగతి ఒప్పుకుంటున్నాను. ఒకే ధరలో పోల్చు నాయనా. పాతిక వేల 8నీ యాభై వేల 10నీ పక్కపక్కన పెడితే యాభై వేలదే గెలుస్తుంది, దానికి భౌతికశాస్త్రం అక్కర్లేదు.

గుంటడూ, నువ్వు అడిగావు కాబట్టి కొనేటప్పుడు చూడాల్సినవి చెప్తా. రూఫ్ ప్రిజం అంటే సన్నగా నిటారు గొట్టాల్లా ఉండేవి, పోరో అంటే మధ్యలో మెలిక తిరిగి భుజాలు పొడుచుకొచ్చినట్టుండే పాతకాలం షేపు. తక్కువ డబ్బుల్లో పోరోలో బొమ్మ బాగుంటుంది, కానీ చాలావాటికి నీళ్ళూ తేమా తట్టుకునే శక్తి తక్కువ. రూఫ్‌లో అయితే ప్రిజం మీద ఫేజ్ కోటింగ్ అనే పూత ఉందో లేదో చూడు, అది లేకపోతే బొమ్మ కాస్త మెత్తబడుతుంది. ఈడీ గ్లాసు ఉంటే ఎండలో నల్ల కొమ్మల చుట్టూ కనపడే ఊదా రంగు అంచు తగ్గుతుంది. నైట్రోజన్ నింపి సీలు చేసింది తీసుకో, చల్లటి కొండ మీంచి వెచ్చటి జీపులోకి వచ్చినా లోపల ఆవిరి పట్టదు. కళ్ళజోడు పెట్టుకుంటావా? అయితే ఐ రిలీఫ్, అంటే కన్ను కంటిలెన్సుకి ఎంత దూరంలో ఉన్నా బొమ్మ మొత్తం కనపడుతుందో ఆ దూరం, 15 మిల్లీమీటర్ల పైన ఉండాలి, కంటి దగ్గర రబ్బరు కప్పు కిందకి దింపుకుని చూడాలి. కుడి కంటిలెన్సు దగ్గర చిన్న చక్రం తిప్పి రెండు కళ్ళకీ సమం చేసుకోవడం చాలామందికి తెలీదు, తలనొప్పి వస్తోందని గ్లాసుని తిడతారు.


జీడిమావిడి (వజ్రపుకొత్తూరు)

అందరూ కొలరాడో కొలరాడో అంటన్నారు, ఈ గుంటడికి రోజూ పనికొచ్చేది ఉద్దానంలో కదా. నాను సెప్తాను ఇను బావూ.

2022 జూన్‌లో కిడిసింగిలో ఏటయిందో నీకూ తెలుసు, ఎలుగు మీద పడి ఒకాయన పేణం పోయింది, చానామందికి గాయాలు. ఆ తరవాత మా వూళ్ళో తోటకెళ్ళే తీరే మారిపోనాది. ఒక్కడూ ఎల్లడు, ఎల్లినా మాట్లాడుకుంటా ఎల్తాడు. ఎలుగుకి సూపు తక్కువ, ముక్కు మాత్రం గట్టిది, సెదలు తింటా తలకాయ పుట్టలో పెట్టిందంటే సెవులు కూడా ఇనపడవు. నువ్వు దగ్గరకొచ్చేసేదాకా దానికి తెల్దు, తెలిసినాక అది పారిపోదు, మీద పడతాది. అందుకే ముందుగా దాన్ని మనం సూసుకోవాల.

ఏటి తింటాదో తెలిస్తే ఎక్కడ సూడాలో తెలుస్తాది. ఎండాకాలం జీడిపళ్ళు రాలతాయి, ఆ ఎనకాలే పనసలు ముగ్గుతాయి, ఆ వోసనకి వస్తాది. మిగతా రోజుల్లో పుట్టలు. పుట్ట కొత్తగా తవ్వి ఎర్రమట్టి ఇంకా తడిగా, ముద్దముద్దగా ఉందంటే రాత్రి వచ్చినట్టే. మట్టి ఎండి పొడయిపోతే పాతది. పొద్దున్నే మేడ మీంచి ముందు ఆ పుట్టల మీద, పనసచెట్ల మొదళ్ళ మీద గ్లాసు పెట్టు, తరవాత మిగతాది.

మాకు తిత్లీ తుపానులో, 2018 అక్టోబర్‌లో, కొబ్బరీ జీడీ అన్నీ పడిపోనాయి కదా, దాంతో మా మేడ మీంచి కొండమొదలు దాకా సూపు తెరుసుకున్నాది. ఇప్పుడు మళ్ళీ మొక్కలు ఎదిగి కప్పేస్తన్నాయి. నీ తోటలో కూడా మేడకి ఎదురుగా నాలుగు కొమ్మలు కొట్టించి ఒక సందు తెరుసుకో. ఏ అంకె గ్లాసైనా ఆకులోంచి సూడలేదు.

ఇంకో పెద్ద బాధ నల్లబండలు. మన కొండల నిండా గుండ్రాళ్ళే, తెల్లారగట్ల మసకలో పెతీ బండా ఎలుగే. మా తమ్ముడి కొడుకు ఒక తెలివైన పని సేసినాడు. మజ్జానం ఎండలో మేడ మీంచి కొండని ఫోన్లో ఫొటో తీసి, అందులో ఉన్న నల్లబండలన్నిటికీ ఎర్రసున్నా సుట్టినాడు. పొద్దున్న ఫొటో పక్కన పెట్టుకుని సూస్తాడు, ఫొటోలో లేని నలుపు కనపడిందా, తోటకి ఎవరూ ఎల్లరు. అంతే. దీనికి 8 సాలు, ఎడల్పుగా కనపడాల, బేగి తేలాల.


ఉద్దానం_గుంటడు

బాబాయ్ ఫొటో ఐడియా అదిరిపోయింది, రేపే తీస్తాను. మా మేడకీ కొండకీ మధ్య మహా అయితే ఆరేడొందల మీటర్లు ఉంటాది.

గాలి గురించి అక్కడ థర్మల్స్ అన్నారు కదా, మనకి అలాంటిదేటైనా ఉంటాదా?


జీడిమావిడి

సముద్రం పక్కన ఉండి గాలి అడుగుతావేటి! మజ్జానం నుంచి సముద్రపు గాలి కొండవైపు కొడతాది, అంటే నువ్వు తూరుపు నుంచి ఎల్తే నీ వోసన నీకంటే ముందు ఎల్లిపోతాది. ఏటకైతే అది తప్పు, నీకు మాత్రం మంచిదే, ఎలుగు ముందుగా పసిగట్టి తప్పుకుంటాది. తెల్లారగట్ల గాలి కొండ నుంచి సముద్రానికి ఉంటాది, నీ వోసన దానికి అందదు. అందుకే పొద్దున్న పూట ఎక్కువ పెమాదం, అందుకే అప్పుడే గ్లాసు కావాల.


రాజాం_నుంచి_రాకీస్

బాబాయ్ చెప్పింది బంగారం. మేము గాలికి ఎదురు కూర్చుని వాసన దాచుకుంటాం, మీరు వాసన పంపించి జంతువుని పక్కకి తప్పిస్తారు.


నాగావళి_ఒడ్డు (కొమరాడ)

మా వైపు ఎలుగుల కంటే ఏనుగుల గొడవ. 2018 నుంచి ఒడిశా వైపు నుంచి వచ్చిన గుంపు మా మన్యం జిల్లాలోనే తిరుగుతోంది, ఇవాళ కొమరాడ, రేపు జియ్యమ్మవలస, ఎల్లుండి కురుపాం. చెరుకు, అరటి, వరి ఏదీ వదలవు. మీరేమో ఏనుగు అంత పెద్దది, దానికి బైనాక్యులర్ ఎందుకు అనుకుంటారు. పగలంతా చెరుకుతోటలో నిలబడితే వీపు కూడా కనపడదండీ. కనపడేది చెరుకు పైకొసలు గాలి లేకుండా ఊగడం. అక్కడే గ్లాసు ఆపితే ఓ నిమిషానికి చెవి ఊపడమో, తొండంతో మట్టి చల్లుకోవడమో బయటపడుతుంది.

మేం చూసేది గట్టు మీంచి, నది అవతలి ఒడ్డు నుంచి. మధ్యలో ఏరు ఉంటే సరిపోదు, ఏనుగు ఈదుతుంది, కాబట్టి వెనకాల బండి స్టార్ట్ చేసుకోవడానికి దారి ఉండాలి. ఏడెనిమిది వందల మీటర్ల నుంచి 8తో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టొచ్చు, పిల్ల ఉందా లేదా తెలుస్తుంది. పిల్ల ఉంటే ఇంకా దూరం పోవాలి. కనపడగానే ఫారెస్టు ట్రాకర్లకి ఫోన్ చెయ్యడం, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, అంతవరకే మన పని. వీడియో కోసం దగ్గరికెళ్ళే కుర్రాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఇంకో మాట, పంట కాపాడుకోవాలని కంచెకి కరెంటు పెట్టకండి. కరెంటు ఎంత ప్రమాదమంటే, 2023 మేలో భామిని మండలంలో ట్రాన్స్‌ఫార్మర్ తగిలి ఒకేసారి నాలుగు ఏనుగులు పోయాయి.


తూరుపు_కనుమ

ఇలాంటి చర్చ అయితే నాకు అభ్యంతరం లేదు. నేను తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ చూస్తాను, నాది 8×42. పక్షులకి కూడా అదే వాడుతున్నా కాబట్టి మీకు అదనపు లాభం.

ఒక్కటి చెప్తాను, ఫంగస్. మన కోస్తా తేమకి లెన్సు మీద సాలెగూడు లాగ పాకుతుంది, ఒకసారి పట్టిందంటే కోటింగ్ కూడా తినేస్తుంది. లోపల నైట్రోజన్ ఉన్నా బయటి లెన్సు మీద పట్టొచ్చు. తోలు కేసులో పెట్టి బీరువాలో పడెయ్యకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి అందులో పెట్టండి, రంగు మారిన జెల్‌ని వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఉప్పుగాలిలో తిరిగొచ్చాక ముందు ఊది, బ్రష్‌తో ఇసుక దులిపి, అప్పుడే గుడ్డ పెట్టండి. లుంగీతో తుడిచేవాళ్ళని నేను చూశాను.


పైడితల్లి_వీధి

సిరిమానోత్సవం టైంలో అంగళ్ళలో 100×180 అని రాసి ఏడొందలకి అమ్ముతారు కదా, అదెలా ఉంటుందంటారు 😀


విజయనగరం_మాస్టారు

180 మిల్లీమీటర్ల లెన్సు అంటే అన్నం పళ్ళెమంత. అది అరచేతిలో ఎలా పట్టిందో అమ్మేవాణ్ణే అడగండి. ఎర్రగా మెరిసే లెన్సులున్నవి అసలు కొనకండి.


కొండగాలి

సరే నా వాదన ఇంకోటి. కొలరాడోలో రెండు మూడు కిలోమీటర్లు చూడాలంటున్నారు, అక్కడ 8తో ఏం చేస్తాడు? స్పాటింగ్ స్కోప్ (ఒంటి గొట్టం టెలిస్కోప్) కొనమనండి మరి, 20 నుంచి 60 రెట్లు చూపించేది.


రాజాం_నుంచి_రాకీస్

స్కోప్ వెతకడానికి కాదు, దొరికినదాన్ని తేల్చుకోడానికి. మగదా ఆడదా, కొమ్ముకి ఎన్ని పాయలు, అది చూడ్డానికి. వేటగాడికి అది అవసరం ఎందుకంటే వాడి ట్యాగ్ (వేట అనుమతి చీటీ) మీద ఏది రాసుంటే అదే కొట్టాలి, చాలాచోట్ల మగ ఎల్క్‌కి ఇన్ని పాయలు ఉండాలని రూలు ఉంటుంది. మన గుంటడికి ఆ బాధ లేదు. పైగా 60 రెట్లు మధ్యాహ్నం పనికిరాదు, నేల వేడెక్కి గాలి నీళ్ళలా కదులుతుంది, జంతువు కాళ్ళు వంకర్లు పోతాయి. నేను 30 దాటను. మీ ఉద్దానంలో ఎండాకాలం ఆ వేడికి ఇంకా ముందే చెడిపోతుంది, 10తో కూడా పదకొండు దాటాక చూడలేరు.

గుంటడూ, మీ బావ దగ్గర ఏముందో అడిగావా? అది తెలీకుండా మేమంతా కొట్టుకుంటున్నాం.


ఉద్దానం_గుంటడు

ఇప్పుడే మాట్లాడాను. బావ దగ్గర ట్రైపాడ్ ఉంది, 10×42 వోర్టెక్స్ ఉంది, అది ఆయన మెడలోనే ఉంటాది. ఆఫీసు ఫ్రెండు దగ్గర స్కోప్ ఉందంట, నీ వంతు వచ్చినప్పుడు చూడొచ్చు అన్నాడు. అయితే 8×42 తీసుకుంటాను. నికాన్ ప్రోస్టాఫ్ పీ3 బడ్జెట్లో వస్తంది, మోనార్క్ ఎం5 కొంచెం దాటతంది. మోనార్క్‌కి ఈడీ గ్లాసు ఉంది. నాన్న అయితే ఎంతయినా ఒకటే కదరా అద్దాలే కదా అంటన్నారు.


కొండగాలి

మోనార్క్. ఒక్కసారే కొంటావ్. అయినా 10 కొనాల్సింది.


విజయనగరం_మాస్టారు

తేడా నీ కంటికి తెలిస్తేనే డబ్బు పెట్టు. షాపు బయటికి రెండూ పట్టుకుని సాయంత్రం ఆరున్నర దాటాక రా. దూరంగా సెల్ టవర్ ఇనుప కమ్మీలు చూడు, అంచుకి రంగు వస్తోందా? ఎదురుగా మూసేసిన షాపు నీడలో బోర్డు మీది చిన్న అక్షరాలు చదువు, ఏది ఎక్కువసేపు చదవనిస్తోంది? రెండు గొట్టాల బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయా, కళ్ళు లాగుతున్నాయా? పగలు ట్యూబులైటు కింద చూసి కొంటే అన్నీ ఒకేలా ఉంటాయి. షాపువాడు బయటికి ఇవ్వనంటే వేరే షాపు చూసుకో.


రాజాం_నుంచి_రాకీస్

అమెరికాలో కొనడం కూడా ఆలోచించు, కానీ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో కనుక్కో. ఇండియాలోనే కొనుక్కుంటే నెల ముందే కొను, మేడ మీద రోజూ చూసి చెయ్యి అలవాటు చేసుకో. కొత్త గ్లాసుతో క్యాంపుకొచ్చి ఫోకస్ చక్రం వెతుక్కునేవాళ్ళు బోలెడుమంది. విమానంలో బైనాక్యులర్‌ని చెక్-ఇన్‌లో వెయ్యకు, చేతిబ్యాగులో పెట్టుకో.

మెడపట్టీ తీసేసి ఛాతీ మీద ఎక్స్ లాగ వచ్చే పట్టీ తీసుకో, అరకిలోకి పైనే బరువు పొద్దంతా మెడకి వేలాడితే తెలుస్తుంది. మొదటి రెండు రోజులు డెన్వర్‌లో ఊరికే ఉండు. ఊరే 1,600 మీటర్ల ఎత్తు, క్యాంపు ఇంకా చాలా పైన ఉంటుంది. మన మహేంద్రగిరి 1,501 మీటర్లు, అంటే మీ కొండ కొస కంటే ఆ ఊరి వీధులే ఎత్తు. నీళ్ళు బాగా తాగు. తల తిరిగితే దాచుకోకుండా బావకి చెప్పు.


ఉద్దానం_గుంటడు

సరే అన్నా. ట్రైపాడ్‌కి బైనాక్యులర్ ఎలా బిగిస్తారు? ముందు వైపు రెండు గొట్టాల మధ్య గుండ్రంగా చిన్న మూత ఉంది ఫొటోలో, దాని మీద బ్రాండు ముద్ర ఉంది.


రాజాం_నుంచి_రాకీస్

అదే. ఆ మూత మరలాగ తిరుగుతుంది, ఎడమవైపు తిప్పితే ఊడుతుంది, లోపల పావు అంగుళం మర ఉంటుంది. దానికి ఎల్ ఆకారంలో ఉండే అడాప్టర్ కొని బిగించు, దాని కింది వైపు మామూలు కెమెరా ట్రైపాడ్ మీద కూర్చుంటుంది. కొన్ని మోడళ్ళకి ఆ మర ఉండదు, కొనేముందు మూత తిప్పి చూడు. మూత మాత్రం జేబులో పడేసుకో, గడ్డిలో పడితే దొరకదు.


జీడిమావిడి

అడాప్టర్ రెండు తెప్పించు బావూ, ఒకటి నాకు. డబ్బులు ఫోన్‌పే సేసేస్తాను.